చివరి మూడు పేజీలు ఖాళీ: ఒక పదో తరగతి అమ్మాయి కేసు

ఇరవై ఏళ్ళ పైనుంచి లెక్కలు చెబుతున్నాను. అన్నీ జిల్లా పరిషత్ హైస్కూళ్ళే, అదీ కోనసీమలోనే. ఇప్పుడు రాస్తున్నది 2022–23 బ్యాచ్‌లో చదివిన ఒక అమ్మాయి కేసు. పేరు, ఊరు రాయడం లేదు. మా బడి గోదారి వశిష్ఠ పాయ గట్టుకి దగ్గర. ఆ అమ్మాయిది ఏటి అవతల లంక. రోజూ పడవ మీద వచ్చేది.

తొమ్మిదో తరగతి ఆఖరి పరీక్షలో లెక్కల్లో 100కి 71 వచ్చాయి. పదిలో ఎస్‌ఏ–1కి (ఏడాది మధ్యలో బడిలో పెట్టే పరీక్ష) వచ్చేసరికి 34. పాస్ మార్కు 35. నేను పేపరు దిద్ది, మార్కులు వేసి, ప్రోగ్రెస్ కార్డులో ‘శ్రద్ధ తగ్గింది’ అని రాసి సంతకం పెట్టాను. క్లాసులో మరో పది కార్డుల మీద కూడా అదే మాట రాసి ఉంటాను.

ఆ ఏడు మా అందరికీ టెన్షన్ ఎక్కువ. కోవిడ్ వల్ల 2020లో, 2021లో పబ్లిక్ పరీక్షలు జరగలేదు. 2022లో జరిగితే రాష్ట్రం మొత్తం మీద పాసైంది 67.26 శాతం. ఆ అంకె ప్రతి మీటింగులోనూ వినబడేది. పిల్లల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టాలి, ఎక్కువ చదివించాలి అన్నదొక్కటే మా బుర్రల్లో ఉండేది.

నాలుగు రోజుల తర్వాత ఆ పిల్ల నాన్నమ్మ కార్డు పట్టుకుని బడికొచ్చింది. చదువురాని మనిషి. “మాస్టారండీ, ఇందులో ఏం రాశారో కాస్త చదివి చెప్పండి. పిల్లనడిగితే చెప్పట్లేదండి, ఏడుస్తోంది” అంది. చదివి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “తెల్లారుజామున నాలుగింటికే లేచి లైటేసుకుని కూర్చుంటదండి. శ్రద్ధంటే ఇంకేం చేయమంటారండి?” అని అడిగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ ఆదివారం పేపర్ల కట్టలోంచి ఆ ఒక్క పేపరు బయటికి తీశాను. ఈసారి మార్కులు వేయడానికి కాదు, మార్కులు ఎక్కడ పోయాయో చూడటానికి.

పేపరు చెప్పినవి

పదో తరగతి లెక్కల పేపర్లో 33 ప్రశ్నలు. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. ఎస్‌ఏ కూడా ఆ పద్ధతిలోనే పెట్టాం. ఈ అమ్మాయికి మొదటి విభాగంలో 9, రెండో దాంట్లో 9, మూడో దాంట్లో 11, ఆఖరి విభాగంలో 40కి 5 వచ్చాయి.

మొదటి పేజీలు చూస్తే ముచ్చటేస్తుంది. ఒక మార్కు ప్రశ్నకి కూడా ‘దత్తాంశం’, ‘సాధన’ అని విడివిడిగా రాసి, కింద స్కేలుతో గీత కొట్టింది. ఒక్కోటి అర పేజీ. ఆ అక్షరాలు పేజీ పేజీకీ మారుతూ వచ్చాయి. ఆరో పేజీ దాటాక గీతలు లేవు. తొమ్మిదో పేజీకి అంకెలు వంకర. ఆ తర్వాత గ్రాఫు. రెండు అక్షాలు గీసి, స్కేలు రాసి, ఒక్క బిందువు కూడా పెట్టకుండా వదిలేసింది. చివరి మూడు పేజీలు ఖాళీ.

మధ్యలో ఒక లెక్క దగ్గర ఆగిపోయాను. 3, 7, 11... అనే అంకశ్రేఢిలో మొదటి 20 పదాల మొత్తం కనుక్కోమన్న ప్రశ్న. జవాబు 820. ఆ పిల్ల 900 అని రాసింది. నాలుగుకి ఒక మార్కు వేశాను. దిద్దేటప్పుడు జవాబు తప్పు అని చూశానంతే. ఇప్పుడు వరసగా చదివితే గుణకారం సరిగ్గా ఉంది, కూడిక సరిగ్గా ఉంది, ఒక్క కొట్టివేత లేదు. సూత్రం ఒక్కటే తేడా. ‘ఎన్ మైనస్ 1’ ఉండాల్సిన చోట ‘ఎన్ ప్లస్ 1’ ఉంది (ఎన్ అంటే ఎన్ని పదాలో ఆ సంఖ్య, ఇక్కడ 20). 19 నాలుగుల బదులు 21 నాలుగులు కలిపింది, అందుకే 900 వచ్చింది.

సోమవారం ఆమె నోట్సు తెప్పించాను. నోట్సులోనూ ‘ఎన్ ప్లస్ 1’. చుట్టూ ఎర్ర పెన్నుతో డబ్బా కట్టి, పక్కన ‘ముఖ్యం’ అని రాసుకుంది. అంటే తప్పు సూత్రాన్ని ఒక్క పొల్లు పోకుండా నేర్చుకుంది. అలాంటి పిల్లకి నేను శ్రద్ధ లేదని రాశాను.

ఎందుకలా రాసుకున్నావమ్మా అని అడిగితే చాలాసేపు చెప్పలేదు. ఆగస్టులో బెంచీలు మార్చినప్పుడు పొడుగ్గా ఉందని నేనే వెనక్కి పంపాను. అక్కడి నుంచి బోర్డు మీద ఆ రోజు తేదీ చదవమన్నాను. నెల చెప్పింది, అంకె చెప్పలేకపోయింది. “వెనక నుంచి చూస్తే ప్లస్సూ మైనస్సూ ఒక్కలాగే ఉంటాయి సార్. ఏదో గుర్తుందని తెలుస్తుంది, ఏ గుర్తో తెలీదు. పక్కమ్మాయిని అడిగితే మాట్లాడుకుంటున్నామని మీరు తిడతారని ప్లస్ వేసేసుకున్నాను” అంది.

ఈ పిల్ల ఏడో తరగతిలో ఉండగా బడిలో కంటి వెలుగు పరీక్షలు జరిగాయి. అప్పుడు చూపు బాగానే ఉంది. దూరంవి మసగ్గా కనిపించే హ్రస్వదృష్టి చాలామందికి ఎదిగే వయసులోనే మొదలై ఏటేటా పెరుగుతుంది, కాబట్టి ఏడులో బాగున్న కన్ను పదిలో అలాగే ఉంటుందని అనుకోకూడదు. ఇందులో ఇంకో చిక్కుంది. పుస్తకం దగ్గరగా ఉంటుంది కనుక చక్కగా కనిపిస్తుంది. దూరంగా ఉన్నది మసగ్గా ఉంటే, అందరికీ అంతే కాబోలు అనుకుంటారు. తనకి కనబడటం లేదని ఆ పిల్లకే తెలియదు, ఇంక మనకేం చెబుతుంది?

ఏటి అవతల

గ్రాఫు ఎందుకు వదిలేసిందో తెలుసుకోవడానికి లంకకి వెళ్ళాల్సి వచ్చింది. శనివారం బడి అయ్యాక పిల్లలతోపాటే పడవెక్కాను. రేవులో ఎదురుచూడటం అరగంట, ఏరు దాటడం ఓ పావుగంట. ఇంటి గోడ మీద నా ఛాతీ ఎత్తున బురద చార ఇంకా ఉంది.

2022 జులై వరద ఇక్కడెవరూ మర్చిపోరు. భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కుల పైన నీళ్ళు సముద్రంలోకి వదిలారు. వీళ్ళు కౌలుకి వేసిన అరటి తోట నిలువునా కుళ్ళిపోయింది. ఆగస్టులో మళ్ళీ వరద. మా బడికి ఆ రెండోసారి సెలవులు నాలుగు రోజులే. వీళ్ళ రేవులో మాత్రం 11 రోజులు పడవ కదల్లేదు. సెలవులయ్యాక నేను క్లాసులో మొదలుపెట్టింది రెండు చరరాశుల రేఖీయ సమీకరణాలు. గ్రాఫు లెక్కలన్నీ ఆ వారంలో చెప్పేశాను. ఆమె వచ్చేసరికి వర్గ సమీకరణాల్లో ఉన్నాం. హాజరు పట్టీలో 11 ఆబ్సెంట్లు వేసింది నేనే. ఆ 11 రోజుల్లో ఏ పాఠం అయిపోయిందో మాత్రం ఆ పట్టీ పక్కన పెట్టుకుని చూడలేదు.

తోట పోయాక అప్పు మిగిలింది. సెప్టెంబర్‌లో వాళ్ళమ్మ ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. మా వైపు ఇది కొత్త సంగతేమీ కాదు, ప్రతి క్లాసులోనూ అలాంటి పిల్లలు ఇద్దరు ముగ్గురుంటారు. తండ్రి కొబ్బరి దింపు తీస్తాడు, తెల్లారకముందే వెళ్ళిపోతాడు. తమ్ముడు ఆరో తరగతి. నాన్నమ్మకి మోకాళ్ళ నొప్పులు. పొయ్యి, పాలు, తమ్ముడి ఆలనాపాలనా, అన్నీ ఈ పిల్ల మీద పడ్డాయి.

రాత్రి ఎన్నింటికి పడుకుంటావని అడిగాను. “అమ్మ ఫోన్ వచ్చాక సార్.” ఎన్నింటికి వస్తుంది? పదకొండున్నరకి. కువైట్ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ వంటిల్లు సర్దుకుని ఆవిడ ఫోన్ పట్టుకునేసరికి తొమ్మిది, ఇక్కడ పదకొండున్నర. మాట్లాడుకుని పడుకునేసరికి పన్నెండు దాటేది. నాలుగింటికి మళ్ళీ లేవడం. తెల్లారుజామున చదివితే బాగా ఎక్కుతుందని మన ఇళ్ళలో తరతరాలుగా చెబుతున్నాం. నిజమే, రాత్రి తొమ్మిదింటికి పడుకున్నవాళ్ళకి. ఈ వయసు పిల్లలకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పగలు చదివింది మెదడులో కుదురుకునేది ఆ నిద్రలోనే. ఈ అమ్మాయి నాలుగు గంటలు పడుకుని, నాలుగింటికి లేచి, అదే పాఠం అయిదుసార్లు పైకి చదువుతోంది. తొమ్మిదో పేజీలో అంకెలు ఎందుకు వంకరపోయాయో ఆ ఇంట్లో కూర్చుంటే అర్థమైంది.

ఇంకొకటి కూడా ఉందని అనుమానమొచ్చింది. పడవ దిగి గట్టెక్కేటప్పుడు ఆ పిల్ల రెండుసార్లు ఆగింది. పీహెచ్‌సీలో రక్తం చూపిస్తే హిమోగ్లోబిన్ 9.4. ఆ వయసు ఆడపిల్లలకి 12 ఉండాలి. మరి బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ బిళ్ళ? వేసుకుంటే వికారంగా ఉంటోందని జేబులో పెట్టుకుని ఏట్లో పారేసేదట. ఉదయం ఏమీ తినకుండా రావడం, పరగడుపున బిళ్ళ మింగడం. వికారం రాక ఏమవుతుంది?

ఏం చేశాం

కళ్ళజోడు అన్నిటికంటే తేలికగా తేలిపోయింది. తండ్రి అమలాపురం తీసుకెళ్ళాడు, రెండు కళ్ళకీ మైనస్ రెండు దాటింది. జోడు పెట్టుకుని వచ్చిన మొదటి రోజు పిరియడ్ అంతా బోర్డు కేసి కాదు, కిటికీలోంచి కొబ్బరి మట్టల కేసి చూస్తూ కూర్చుంది. నేనేమీ అనలేదు.

నోట్సు మొత్తం దిద్దడానికి రెండు వారాలు పట్టింది. ఆమె చేతే దిద్దించాను. దానికో పద్ధతి చెప్పాను. మొత్తం సూత్రం రాగానే ఎన్ బదులు 1 పెట్టి చూడు. మొదటి ఒక్క పదం మొత్తం అంటే మొదటి పదమే కదా, అదే రావాలి. 3, 7, 11 శ్రేఢికి ఆమె సూత్రంలో 1 పెడితే 7 వచ్చింది. 3 రావాలి. ఆ 7ని చూసి తనే ‘మైనస్’ అని దిద్దుకుంది. అప్పటినుంచి ఏ సూత్రం రాసినా ముందు చిన్న అంకె పెట్టి చూడటం అలవాటు చేసుకుంది. పరీక్ష హాల్లో ఎవర్నీ అడగలేని చోట పనికొచ్చేది ఇలాంటి అలవాటే. పదిసార్లు వల్లె వేయించడం కంటే దీనికి నేను ఎక్కువ విలువ ఇస్తాను.

చదివే తీరు మార్చడం కష్టమైంది. పైకి గట్టిగా చదివితే వచ్చేసినట్టే ఉంటుంది. ఆ ధీమా వదులుకోవడానికి ఏ పిల్లా ఒప్పుకోదు. మేం చేసింది ‘మూసి రాయడం’. చేసిన లెక్క ఒకటి చూడాలి, పుస్తకం మూయాలి, తెల్లకాగితం మీద రాయాలి. ఎక్కడ ఆగితే అక్కడ ఎర్ర చుక్క పెట్టి, ఆ ఒక్క మెట్టు కోసమే పుస్తకం తెరవాలి. మూడో రోజు అంకెలు మార్చి అదే లెక్క, వారానికి మళ్ళీ ఒకసారి. నేర్చుకున్నది మొదటి గంటల్లో, రోజుల్లో ఎంత వేగంగా జారిపోతుందో ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసి రాశాడు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ పిల్లలతో చేసిన ప్రయోగంలో, అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే బాగా చెప్పారు, వారం తర్వాత అడిగితే చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. పబ్లిక్ పరీక్ష అయిదు నిమిషాల తర్వాత రాదు. ఈ సంగతి మా అమ్మాయికి ఎర్ర చుక్కల్లో కనిపించింది. మొదటి వారం కాగితానికి ఆరేడు చుక్కలు, నెల తిరిగేసరికి ఒకటో రెండో.

రేవులో కూర్చునే అరగంట కూడా ఇందులోకే వచ్చింది. చీటీ మీద ఒక్క సూత్రం పేరు ఉండేది, తమ్ముడు అడిగేవాడు. ఫిబ్రవరి వచ్చేసరికి పడవ సరంగు కూడా “ఈవేళేం సూత్రమమ్మా?” అని అడగడం మొదలెట్టాడు.

వరదలో పోయిన పాఠం కోసం మధ్యాహ్నం భోజనం తర్వాత ఇరవై నిమిషాలు, పదిహేను రోజులు కూర్చున్నాం. ఆమెతోపాటు లంక పిల్లలు మరో నలుగురు వచ్చారు, వాళ్ళకీ అదే పాఠం పోయింది కదా. ఐరన్ బిళ్ళ కూడా ఆ భోజనమయ్యాకే, నా ఎదురుగా. టీ తాగితే ఐరన్ ఒంటికి పట్టదని, నిమ్మకాయో ఉసిరికాయో తింటే బాగా పడుతుందని పీహెచ్‌సీ డాక్టరు చెప్పారు. లంకలో నిమ్మకి కొదవ లేదు. బడి భోజనానికి తర్వాత 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ మా లంకల గన్నవరం మనిషి, వచ్చినవాళ్ళకి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన తల్లి. ఆ పేరు బోర్డు మీద చూసినప్పుడల్లా పరగడుపున పడవెక్కే పిల్లలు గుర్తొస్తారు.

ఫోన్ సంగతి ఆ తల్లితోనే మాట్లాడాను. ముందు భయపడింది, పిల్ల ఏదైనా చేసిందేమోనని. పిల్ల నిద్ర గురించి చెప్పాను. కాసేపు గొంతు రాలేదు. “నాకు తెలీలేదండీ. నేను మాట్లాడకపోతే బెంగ పెట్టుకుంటదని రాత్రిళ్ళు చేస్తన్నానండి” అంది. మధ్యాహ్నం వాళ్ళ భోజనాలయ్యాక మూడున్నరకి ఓ అరగంట తీరిక దొరుకుతుందట. అంటే మనకి సాయంత్రం ఆరు. అప్పటినుంచి ఫోన్ ఆరింటికి. పొద్దుటి పాలపని తండ్రి తీసుకున్నాడు. “ఆయ్, ఈ మూడు నెల్లూ నేను చూసుకుంటానండి” అన్నాడు, మాట నిలబెట్టుకున్నాడు. పిల్ల తొమ్మిదిన్నరకి పడుకుని అయిదింటికి లేచేది.

ఆఖరిది పరీక్ష హాల్లో టైము. 3 గంటల 15 నిమిషాల్లో మొదటి 15 పేపరు చదువుకోవడానికే. మిగిలిన 180 నిమిషాలు ఇలా పంచాం: ఒక మార్కు వాటికి 20, రెండు మార్కులకి 30, నాలుగు మార్కులకి 50, ఎనిమిది మార్కులకి 70, సరిచూసుకోవడానికి 10. ఒక మార్కు ప్రశ్నకి దత్తాంశం, సాధన రాయడం మానిపించాను. తనకది చాలా బాధ. నీటుగా రాయమని మేమే చిన్నప్పటినుంచీ చెప్పాం మరి. నీటుదనం ఎనిమిది మార్కుల జవాబులో చూపించు, ఇక్కడ జవాబు చాలు అని ఒప్పించాను. ముందు ఎనిమిది మార్కులవి మొదలుపెడదామని నేనన్నాను, ఆమెకి అది కుదర్లేదు. గుండె దడ తగ్గాలంటే చిన్నవే ముందు రాయాలంది. సరే అన్నాను.

పనిచేయనివి

ఉదయం ఏడింటికి బడిలో స్టడీ అవర్ పెట్టాం. ఆమె రావాలని నేను పట్టుబట్టాను. దానికోసం మొదటి పడవ అందుకోవాలి, మొదటి పడవకి వస్తే తినడం కుదరదు, నిద్ర ఓ గంట పోతుంది. పది రోజులకి మళ్ళీ తలనొప్పి మొదలైంది. మాన్పించాను. ఊరి పిల్లలకి మంచి చేసిన స్టడీ అవరే లంక పిల్లకి చెరుపు చేసింది. పెద్ద గైడు ఒకటి కొనిచ్చాను, అది కూడా పనికిరాలేదు. మళ్ళీ చదవడంలోకి దింపింది.

ప్రీఫైనల్లో 52 వచ్చాయి. తగ్గాయని ఏడ్చింది, 34తో పోల్చుకోలేదు, 71తో పోల్చుకుంది. ఆ పేపరు మళ్ళీ ఇద్దరం కూర్చుని చూశాం. ఖాళీ పేజీ లేదు. గ్రాఫు పూర్తిగా ఉంది, ఖండన బిందువు సరిగ్గా వచ్చింది. పోయినవన్నీ త్రికోణమితిలోవి, అప్పటికింకా మూసి రాయని పాఠం. ఇక ఆ నెల రోజులూ ఆ పాఠం మీదే ఉన్నాం.

పబ్లిక్ పరీక్షలు 2023 ఏప్రిల్ 3న మొదలయ్యాయి. లెక్కల్లో 76 వచ్చాయి. ఇందులో జోడు వాటా ఎంత, నిద్ర వాటా ఎంత, ఐరన్ వాటా ఎంత అని విడదీసి చెప్పలేను, అన్నీ ఒక్కసారే చేశాం కాబట్టి. నా అంచనా అయితే, నిద్రా అన్నమూ సరిపడకుండా మిగతావి చేసి ఉంటే సగం కూడా నిలిచేవి కావు. ఆ తొమ్మిదో పేజీ వంకర అంకెలు ఏ పద్ధతితోనూ చక్కబడవు.

ఇప్పుడు నేను ప్రతి ఏడూ జూన్‌లో, మళ్ళీ దసరా సెలవులయ్యాక, వెనక బెంచీ నుంచి బోర్డు చదివిస్తాను. మొన్న ఒకేసారి ముగ్గురు దొరికారు. వరదయ్యాక రేవుల వారీగా పట్టీ తీసి, ఎవరికి ఏ పాఠం పోయిందో పక్కన రాసుకుంటాను. ప్రోగ్రెస్ కార్డులో శ్రద్ధ అన్న మాట వాడటం మానేశాను. ‘గ్రాఫు రాలేదు, వరద రోజుల పాఠం’ అని రాస్తాను, ‘చివరి విభాగానికి టైము చాలలేదు’ అని రాస్తాను. చోటు సరిపోకపోతే వెనక రాస్తాను.

ఫలితాలు మే 6 పొద్దున వచ్చాయి. అమ్మాయి తండ్రి సైకిలు మీద వచ్చి నా చేతిలో కాసిని కొబ్బరి బొండాలు పెట్టాడు. మీ ఆవిడకి చెప్పారా అని అడిగాను. లేదండి అన్నాడు. అక్కడ వంట వేళ, ఫోన్ ఎత్తితే కంగారు పడుతుందని పిల్ల చేయనివ్వలేదట. ఆరింటిదాకా ఎవరూ చెప్పకూడదని తమ్ముడి చేత, నాన్నమ్మ చేత ఒట్టు వేయించుకుని, మార్కుల కాగితం పట్టుకుని గట్టు మీద కూర్చుందట.